వృద్ధాప్యంలో సంఘ శరణం

(సిప్పీఘాట్‌లో జరిగిన ధమ్మచక్ర ప్రవర్తన దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అక్టోబరు మాసంలో మనం స్మరించుకోవలసిన దినాలు రెండు ఉన్నాయి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ లక్షలాది జనంతో కలిసి బౌద్ధ దీక్ష స్వీకరించారు. ఆ దినం మీకందరికీ విదితమే. రెండవది అక్టోబరు 1, వయోవృద్ధుల అంతర్జాతీయ దినం. 1990లో ఐక్యరాజ్యసమితి చేసిన తీర్మానం మేరకు దానిని ప్రపంచమంతటా జరుపుతున్నారు. పైకి చూస్తే ఈ రెండు దినాలకు సంబంధం లేదనిపిస్తుంది. లెక్క కట్టి చూస్తే సంబంధం తెలుస్తుంది. 1956లో ఇరవై ఏళ్ల ప్రాయంలో దీక్ష తీసుకున్నవారు నేడు తొంభైకి చేరువయ్యారు. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో ధమ్మ మార్గంలోకి వచ్చినవారు డెబ్బై, ఎనభై దాటారు. ఊరేగింపులో నీలి జెండా పట్టి మైళ్లకు మైళ్లు నడిచిన కాళ్లకు ఇప్పుడు ఇంటి గడప దాటడమే కష్టంగా ఉంది. అందుచేత ఈ పర్వదినాన వారి గురించి మాట్లాడడం ఉచితమని భావించాను.

ప్రతి సభకు ముందు మనం త్రిశరణాలు పలుకుతాం. ప్రతి శరణ వాక్యం చివర 'గచ్ఛామి' అనే మాట ఉంది. వెళుతున్నాను అని దాని అర్థం. నడవగలిగినవారు బుద్ధుని వద్దకు, ధమ్మం వద్దకు, సంఘం వద్దకు వెళ్లగలరు. మంచం పట్టిన మనిషి ఎలా వెళ్లగలదు? ఆమె పడుకునే ఆ మాట పలుకుతుంది. అప్పుడు ఆ మాటను నిజం చేయవలసిన భారం ఆమె మీద నుంచి మన మీదికి వస్తుంది. ఆమె సంఘం వద్దకు రాలేదు గనుక సంఘమే ఆమె వద్దకు వెళ్లాలి. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటకు వివరణ మాత్రమే.

ఇది నేను కొత్తగా కల్పించిన వ్యాఖ్యానం కాదు. వినయ పిటకంలోని మహావగ్గలో ఒక వృత్తాంతం ఉంది. మీలో పలువురికి అది తెలిసే ఉంటుంది, అయినా దానిలోని కొన్ని వివరాలు మరొకసారి గమనించదగినవి. భగవానుడు ఆనందునితో కలిసి విహారంలో భిక్షువుల గదులను చూస్తూ వెళుతున్నాడు. ఒక గదిలో అతిసారంతో బాధపడుతున్న భిక్షువు తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. దగ్గర ఎవరూ లేరు. బుద్ధుడు ఆనందుని చేత నీరు తెప్పించాడు. తాను నీరు పోయగా ఆనందుడు ఆ భిక్షువు దేహాన్ని కడిగాడు. తరువాత ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ పని పూర్తి అయిన తరువాతనే బుద్ధుడు భిక్షువులను సమావేశపరచి, ఇతనికి సేవ చేసేవారు ఎందుకు లేరని ప్రశ్నించాడు.

భిక్షువులు ఇచ్చిన సమాధానమే ఈ వృత్తాంతానికి ఆయువుపట్టు. ఆ భిక్షువు తమకు ఏ విధంగానూ ఉపయోగపడడు గనుక ఎవరూ చూడడం లేదని వారు చెప్పారు. రెండున్నర వేల ఏళ్లు గడిచాయి. సంపాదన ఆగిపోయిన ముసలివారి విషయంలో లోకం అంటున్న మాట ఇప్పటికీ అదే, కొందరు పైకి అంటారు, కొందరు అనరు. దానికి బుద్ధుడు, మీకు ఇక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్ని చూసేదెవరు అన్న అర్థంలో మందలించాడు. తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయవలసిందని బోధించాడు.

సాధారణంగా ఉపన్యాసకులు ఇక్కడితో ఆగిపోతారు. ఆ తరువాత ఉన్నదే సంఘ నిర్మాతలకు ముఖ్యమైనది. ఆ సేవను బుద్ధుడు కేవలం వారి దయాగుణానికి వదలలేదు. రోగికి ఉపాధ్యాయుడు ఉంటే ఆయన చూడాలి, ఆచార్యుడు ఉంటే ఆయన చూడాలి, శిష్యుడు ఉంటే శిష్యుడు చూడాలి, సహవాసి ఉంటే సహవాసి చూడాలి అంటూ వరుస ఏర్పరచాడు. వీరెవరూ లేకపోతే సంఘమే చూడాలి. చూడకపోతే సంఘానికి దోషం. అంటే బంధుత్వం ముగిసిన చోట బాధ్యత ముగిసిపోకుండా ఒక నియమం చేశాడు. కరుణను అలవాటుగా, అలవాటును ఏర్పాటుగా మార్చిన మహానుభావుడు ఆయన.

తథాగతుడు తన వార్ధక్యాన్ని కూడా దాచుకోలేదు. మహాపరినిబ్బాన సూత్రంలో ఎనభై ఏళ్ల వయసులో తన దేహాన్ని, కట్లు కట్టి నెట్టుకొస్తున్న పాత బండితో పోల్చుకున్నాడు. వెన్ను నొప్పితో నడుము వాల్చిన సందర్భాలు, దాహంతో ఆనందుని నీరు అడిగిన సందర్భం సూత్రాలలో ఉన్నాయి. దాదాపు పాతికేళ్ల పాటు ఆనందుడు ఆయన వెంట ఉండి ఉపచర్య చేశాడు. లోకానికి దారి చూపినవాడు ఒక మనిషి భుజం మీద ఆనుకోవడానికి చిన్నతనపడలేదు.

బాబాసాహెబ్ జీవితమూ ఇదే చెబుతుంది. మధుమేహం, కాళ్ల నొప్పులు ఆయనను ఏళ్ల తరబడి బాధించాయి. చివరి సంవత్సరాలలో ఊతకర్ర, పక్కవారి ఆసరా లేకుండా నడవడం ఆయనకు దుర్భరమైంది. వైద్యురాలైన సవితా అంబేడ్కర్ ఆయన ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. ఆ స్థితిలోనే ఆయన 'బుద్ధుడు ఆయన ధమ్మం' గ్రంథాన్ని పూర్తి చేశారు. 1957లో అది వెలువడేనాటికి ఆయన మన మధ్య లేరు. ఆ గ్రంథానికి రాసిన పరిచయంలో ఆయన ఒక సందేహం లేవనెత్తారు. సిద్ధార్థుడు వృద్ధుని, రోగిని, శవాన్ని చూసి ఇల్లు విడిచాడనే కథ బుద్ధికి అందదు, ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేవరకు ఒక మనిషి వాటిని చూడకుండా ఉండడం సాధ్యమా అని ఆయన తర్కించారు. శాక్యులకు, కోలియులకు మధ్య రోహిణీ నదీ జలాల తగాదాను పరివ్రజనకు కారణంగా చూపారు. ఈ సందేహం మనకు ఒక పాఠం నేర్పుతుంది. ముసలితనాన్ని చూడనివారు లోకంలో ఎవరూ లేరు. మన వీధిలో అరుగు మీద కూర్చున్న వృద్ధుని రోజూ చూస్తూనే ఉంటాం. నిన్నటి వరకు అరుగు మీద కనిపించిన మనిషి నేడు ఎందుకు కనిపించడం లేదని అడగడం వేరు. ధమ్మానికి కావలసింది ఆ అడిగే చూపు.

ఇప్పుడు వైద్యుల మాటకు వద్దాం. వయసు మీరిన వారందరూ దుర్బలులు కారు. ఎనభై ఏళ్ల వయసులో కొబ్బరి తోటకు నడిచి వెళ్లేవారున్నారు, అరవై అయిదుకే మంచానికి అంటుకుపోయినవారూ ఉన్నారు. 2001లో లిండా ఫ్రీడ్ అనే అమెరికన్ వైద్యురాలు, ఆమె సహచరులు ఈ దుర్బలతకు ఐదు గుర్తులు చెప్పారు. ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం, ఊరకే అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, రోజువారీ కదలిక తగ్గడం. ఈ ఐదింటిలో మూడు కనిపిస్తే ఆ మనిషి దుర్బల స్థితిలో ఉన్నట్టు లెక్క.

ఈ స్థితి ఎలాంటిదో సిప్పీఘాట్ వాసులకు వివరించడం తేలిక. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ అల వచ్చి పోయింది. కాని కుంగిన నేల మళ్లీ లేవలేదు. అంతవరకు వరి పండిన పల్లపు పొలాలలోకి ప్రతిరోజూ వచ్చే మామూలు పోటు నీరే చొరబడింది. సముద్రం కొత్తగా పెరిగి రాలేదు, నేల తగ్గింది గనుక పాత పోటే ప్రళయమైంది. వృద్ధుని దేహమూ ఇంతే. శక్తి నిల్వ కొంచెం తగ్గిన తరువాత, పాతికేళ్లవానిని మూడు రోజులు పడుకోబెట్టి వదిలేసే జ్వరం అతనిని నెలల తరబడి మంచాన పడవేస్తుంది. కాలు జారి పడితే తుంటి ఎముక విరుగుతుంది. రెండు రోజులు సరిగా నీరు తాగకపోతే మతి తప్పి మాట్లాడతాడు. ఇంట్లోవారు దానిని చాదస్తమనుకుంటారు, మరికొందరు గాలి సోకిందనుకుంటారు. అది వైద్యం చేస్తే తగ్గగల స్థితి. ధమ్మ దీక్షలో మూఢనమ్మకాలను విడిచిన మనం దానికి తాయెత్తు కట్టకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

ఈ ద్వీపాలలో వృద్ధాప్యానికి మరికొన్ని ఇబ్బందులు తోడవుతాయి. ఉత్తరాంధ్ర తీరం నుంచి పని కోసం, వేట కోసం ఓడ ఎక్కి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు నూటికి 13 మంది. ఊళ్లో ఉంటే అన్నదమ్ముల పిల్లలు, మేనత్తలు, ఇరుగుపొరుగు ఎవరో ఒకరు చూస్తారు. ఇక్కడ ఆ చుట్టరికమంతా సముద్రానికి అవతల ఉండిపోయింది. కొడుకు చెన్నైలోనో విశాఖలోనో ఉద్యోగం చేస్తుంటాడు. ఓడ ప్రయాణానికి రెండు మూడు రోజులు పడుతుంది, విమానం ఖర్చు అందరూ భరించలేరు. ఇక భాష సంగతి. ద్వీపాలలో వ్యవహార భాష హిందీ. సంతలో బేరమాడడానికి సరిపోయే హిందీ, కడుపులో నొప్పి ఏ తీరుగా ఉందో వైద్యునికి చెప్పడానికి సరిపోదు. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రి ఇక్కడివారికి పెద్ద దిక్కు. అక్కడికి ఒక ముసలమ్మను తీసుకువెళ్లి, వరుసలో తాను నిలబడి, ఆమె తెలుగులో చెప్పినదాన్ని వైద్యునికి హిందీలో చెప్పి, వైద్యుడు చెప్పినదాన్ని ఆమెకు తెలుగులో విడమరచి చెప్పే ఒక యువకుడు ఉంటే, అది మందుతో సమానమైన సేవ.

దీక్ష తీసుకున్న కుటుంబాల విషయంలో ఇంకొక సంగతి నిస్సంకోచంగా మాట్లాడుకోవాలి. మనం పాత దేవుళ్లను, పాత క్రతువులను, కుల పెద్దరికాన్ని విడిచి వచ్చాం. విడవవలసినవే అవి. అయితే వాటితో పాటు భజన మండలి, జాతర, కుల సంఘం రూపంలో పదిమంది ఇంటికి వచ్చిపోయే అలవాటు కూడా కొన్ని ఇళ్లకు దూరమైంది. దీక్ష నచ్చని బంధువులు రాకపోకలు మానుకున్న ఇళ్లున్నాయి. ఆ ఖాళీని మన సంఘం పూరించకపోతే, ఏడాదికి మూడు పర్యాయాలు జయంతి, వర్ధంతి, పౌర్ణమి సభలకు మాత్రమే పిలుపు వెళితే, ఆ ఇంటి ముసలివారికి ధమ్మం అంటే ఒంటరితనమనే అర్థం మిగులుతుంది. సమానత్వం కోసం వచ్చిన మనిషి ఏకాకిగా చనిపోవడం మన ఉద్యమానికి శోభ కాదు.

ప్రభుత్వ బాధ్యత ఏమిటని మీరు అడగవచ్చు. అడగవలసిందే. బాబాసాహెబ్ అధ్యక్షతన ముసాయిదా సిద్ధమైన మన రాజ్యాంగంలోని 41వ అధికరణం వృద్ధాప్యంలో, అనారోగ్యంలో, అంగవైకల్యంలో ప్రజాసహాయం పొందే హక్కుకు రాజ్యం తన ఆర్థిక శక్తి మేరకు ఏర్పాట్లు చేయాలని ఆదేశిస్తుంది. పింఛను భిక్ష కాదు, ఆ ఆదేశం ఫలితం. ఈ ఆదేశం అమలు ఎంతవరకు వచ్చిందో కూడా చూడాలి. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు, 80 దాటినవారికి 500 రూపాయలు. మిగిలినది రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల దయ. 200 రూపాయలతో మనిషి నెల గడుస్తుందా అని ప్రతి సభలోనూ మనం ప్రశ్నించాలి.

ఇతర ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. 2010-11లో వయోవృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం మొదలైంది. జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక విభాగం, కదలలేనివారికి ఇంటి వద్ద సందర్శన దాని లక్ష్యాలు. ఊతకర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతివారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం వర్తిస్తున్నది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007 నుంచి ఉంది. నిర్లక్ష్యానికి గురైన తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. 14567 నంబరుకు ఫోన్ చేస్తే వృద్ధులకు సలహా, సహాయం లభిస్తాయి.

ఇవన్నీ కాగితం మీద ఉన్న తలుపులు. ఆ తలుపుల వరకు నడిచి వెళ్లగలిగినవారికి అవి తెరుచుకుంటాయి. బొటనవేలి ముద్ర అరిగిపోయి యంత్రం గుర్తించని ముసలివానికి, కార్డు ఎక్కడ పెట్టిందో మరచిపోయిన ముసలమ్మకు ఆ తలుపులు మూసే ఉంటాయి. పైగా ఆసుపత్రి బీమా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు భరిస్తుంది. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టే చేతులను ఏ బీమా ఇవ్వదు. దుర్బలుల జీవితంలో ఎక్కువ రోజులు గడిచేది ఆసుపత్రి మంచం మీద కాదు, ఇంటి మంచం మీద. ఆ ఇంటికీ ఆ ఆసుపత్రికీ నడుమ ఉన్న దూరమే సంఘం పనిచేయవలసిన చోటు.

ఇది సాధ్యమేనా అని సందేహించేవారు కేరళను చూడాలి. 1993లో కోళికోడ్‌లో కొందరు వైద్యులు, స్వచ్ఛంద సేవకులు నొప్పి నివారణ, ఉపశమన వైద్యం కోసం ఒక సంస్థ ప్రారంభించారు. ఆ దశాబ్ది చివరినాటికి మలప్పురం తదితర ప్రాంతాలలో అది ఇరుగుపొరుగు బృందాల రూపం తీసుకున్నది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగిన సామాన్యులకు శిక్షణ ఇచ్చారు. ఉపాధ్యాయులు, కూలీలు, ఆటో నడిపేవారు, విద్యార్థులు అందులో చేరారు. తమ వీధిలో మంచం పట్టినవారు ఎవరో వారే గుర్తిస్తారు, నర్సు ఇంటికి వచ్చి గాయం కడిగి కట్టు కడుతుంది, క్లిష్టమైనప్పుడు వైద్యుడు వస్తాడు. 2008లో కేరళ ప్రభుత్వం దీనిని విధానంగా ప్రకటించింది. స్థానిక సంస్థలు ఇంటింటి సేవను చేపట్టాయి. ముందు ప్రజలు నడిచారు, తరువాత ప్రభుత్వం వారి వెంట నడిచింది. ఈ వరుస మనం జ్ఞాపకం పెట్టుకోదగినది.

మరి మనం చేయగలిగినది ఏమిటి? పెద్ద భవనం, పెద్ద నిధి అవసరం లేదు. ఒక పుస్తకం, పదిమంది మనుషులు చాలు.

మొదటి పని జాబితా. సిప్పీఘాట్‌లోను చుట్టుపక్కల పల్లెలలోను ఇల్లు కదలలేని వృద్ధులు ఎవరు, వారితో ఎవరు ఉంటున్నారు, ఏ మందులు వాడుతున్నారు, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలి అన్న నాలుగు సంగతులు ఆ పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకంలో కులం గడి, మతం గడి ఉండకూడదు. పక్కింటి బెంగాలీ తాత, ఎదురింటి తమిళ అవ్వ, రాంచీ నుంచి వచ్చిన వృద్ధ కూలీ, అందరూ అందులో ఉండాలి. దీక్ష తీసుకుంటేనే సేవ అన్నవాడు ధమ్మాన్ని దుకాణం చేసినవాడవుతాడు.

రెండవది వారం వారం సందర్శన. ఒక్కరు కాక ఇద్దరు వెళ్లాలి, ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మంచిది. వెళ్లినవారు ఊరకే కుశలప్రశ్నలు వేసి రాకుండా కొన్ని సంగతులు గమనించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పద్ధతిలో ఆరు విషయాలున్నాయి: జ్ఞాపకశక్తి, కదలిక, ఆహారం, చూపు, వినికిడి, మనసు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలో నుంచి ఐదు సార్లు లేచి కూర్చోమని అడగాలి. పడిపోకుండా పట్టుకోవడానికి ఒకరు పక్కన నిలబడాలి. అది 14 సెకండ్లలో పూర్తి కాకపోతే కాళ్లలో బలం తగ్గుతున్నదని గుర్తు. మూడు నెలలలో మూడు కిలోల కంటె ఎక్కువ బరువు తగ్గినా, ఆకలి మందగించినా వైద్యునికి చెప్పాలి. మంచం మీద ఉన్నవారికి నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి. ఎర్రబడిన నాడే గుర్తిస్తే మంచం పుండు పడకుండా ఆపవచ్చు. పుండు పడిన తరువాత మాన్పడానికి నెలలు పడుతుంది.

మూడవది ఇల్లు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ, రాత్రిపూట దారిలో ఒక చిన్న దీపం, జారే నేల మీద గోనెపట్టా తీసివేయడం, ఎత్తు గడప దగ్గర ఒక మెట్టు. ఈ ద్వీపాలలో ఏడాదిలో చాలా నెలలు వాన, ముంగిళ్లు పాచి పడతాయి. మన యువకులు ఒక ఆదివారం పార పట్టి ఆ పాచి గీకితే ఒక తుంటి ఎముక నిలుస్తుంది. నాలుగవది కాగితాలు. పింఛను, ఆయుష్మాన్ కార్డు, బ్యాంకు పుస్తకం సక్రమంగా ఉండేటట్టు చూడాలి. ఐదవది అనుసంధానం. ఆశా కార్యకర్తకు, ఆరోగ్య ఉపకేంద్రం నర్సుకు మన జాబితా తెలియాలి. మనం వైద్యులం కాము. మందు మార్చడం, సూది వేయడం మన పని కాదు. ఎవరికి ఎప్పుడు వైద్యం అవసరమో సకాలంలో చెప్పడమే మన పని.

అంగుత్తర నికాయంలో మంచి పరిచారకునికి ఐదు లక్షణాలు చెప్పబడ్డాయి. మందు సిద్ధం చేయగలగాలి. రోగికి ఏది పథ్యమో ఏది అపథ్యమో తెలియాలి. లాభాపేక్షతో కాక మైత్రితో సేవ చేయాలి. మలమూత్రాలను, వాంతిని చూసి ఏవగించుకోకూడదు. మంచి మాటలతో రోగి మనసుకు ధైర్యం చెప్పగలగాలి. మన కార్యకర్తల శిక్షణకు ఇంతకంటె మేలైన పాఠ్యక్రమం అక్కరలేదు. నాల్గవ లక్షణాన్ని ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాను. అశుచి పేరుతో తరతరాలు వెలివేయబడిన మనకు, మనిషి మలినాన్ని కడగడంలో అవమానం లేదని తెలుసు. ఆ పనిని ఒక కులానికి అంటగట్టడంలోనే అవమానం ఉంది. బుద్ధుడే స్వయంగా నీరు పోసిన పనిని పురుషులు, స్త్రీలు, చదువుకున్నవారు, పదవిలో ఉన్నవారు అందరూ చేసిన నాడు మన దీక్ష పూర్తి అవుతుంది.

ఇక్కడ ఇళ్లలో సేవ చేస్తున్న స్త్రీల మాట చెప్పకపోతే అన్యాయం. ముసలివారి బరువు నూటికి తొంభై పాళ్లు కోడలి మీద, కూతురి మీద, తానూ ముసలిదైన భార్య మీద పడుతున్నదని ఎవరూ చెప్పనక్కరలేదు. రాత్రి నిద్ర ఉండదు, నడుము పట్టేస్తుంది, పెళ్లికి పేరంటానికి వెళ్లడానికి వీలుండదు. విసుక్కుంటే లోకం గయ్యాళి అంటుంది. మహావగ్గలోని అదే భాగంలో మరొక నియమం ఉంది. మరణించిన భిక్షువు పాత్రను, చీవరాలను అతనికి సేవ చేసినవారికి ఇవ్వాలని బుద్ధుడు అనుమతించాడు. సేవ చేసిన చేతులను సంఘం గుర్తించి గౌరవించాలని దాని భావం. మన సభలలో శాలువాలు దాతలకు, నాయకులకు కప్పుతున్నాం. పదేళ్లు అత్తగారిని కనిపెట్టుకుని ఉన్న ఒక కోడలికి ఈ వేదిక మీద శాలువా కప్పాలి. శాలువా కంటె ముఖ్యంగా, వారానికి ఒక పూట ఆమె స్థానంలో మనం కూర్చుని ఆమెను బయటికి పంపాలి. ఆ ఒక్క పూట ఆమెకు విశ్రాంతి, ముసలివారికి కొత్త ముఖం.

ఈ సభలో ఉన్న పెద్దలకూ ఒక విన్నపం. పరిచర్య చేయడానికి కష్టమైన రోగి లక్షణాలు కూడా గ్రంథాలలో ఉన్నాయి. మందు సరిగా వేసుకోకపోవడం, పథ్యంలో మితం పాటించకపోవడం, తన బాధను ఉన్నది ఉన్నట్టు పరిచారకునికి చెప్పకపోవడం వాటిలో కొన్ని. మన పెద్దలు చాలామంది పిల్లలకు ఖర్చు అవుతుందని నొప్పి దాచుకుంటారు. మూత్రం ఆపుకోలేకపోతున్నామని చెప్పడానికి సిగ్గుపడి నీరు తాగడం మానేస్తారు. దయచేసి దాచకండి. సాయం అడగడం దైన్యం కాదు. ఆనందుని నీరు అడిగినవాడు సాక్షాత్తూ తథాగతుడు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద కొండరాళ్ల మీద అశోకుని శాసనాలు నేటికీ ఉన్నాయి. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేసిన సంగతి, ధమ్మ యాత్రలలో వృద్ధులను దర్శించి వారికి ధనసహాయం చేసిన సంగతి ఆ శాసనాలలో చెక్కించాడు. విహార యాత్రలు, వేటలు మాని వృద్ధుల దర్శనానికి బయలుదేరిన చక్రవర్తి మాట తెలుగు నేల మీది రాతిలో ఉంది. మనకు రాజ్యం లేదు, ఖజానా లేదు. కాని పక్క వీధి వరకు నడిచే కాళ్లున్నాయి. ధమ్మ యాత్ర అంటే దూరపు క్షేత్రాలకు వెళ్లడం మాత్రమే అనుకోనక్కరలేదు. అరుగు మీద కనిపించకుండా పోయిన మనిషి ఇంటి వరకు వెళ్లడమూ ధమ్మ యాత్రే.

కనుక ఈ సభ ముగిసేలోగా ఒక నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను. ద్వారం దగ్గర ఒక పుస్తకం ఉంచుతున్నాం. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవారు అందులో పేరు రాయండి. మీకు తెలిసిన, ఇల్లు కదలలేని వృద్ధుల పేర్లు వెనుక పుటలలో రాయండి. వచ్చే ఆదివారం ఉదయం ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టుకుని ఎవరు ఎవరి ఇంటికి వెళ్లాలో నిర్ణయించుకుందాం. వచ్చే పౌర్ణమి సభలో ఎంతమంది సభకు వచ్చారన్న లెక్కతో పాటు, సంఘం ఎన్ని గడపలు తొక్కిందన్న లెక్క కూడా చదువుకుందాం.

నమో బుద్ధాయ. జై భీమ్.